హెల్మెట్ పెట్టుకున్న ప్రతి మనిషీ

చేతికి కట్టు విప్పేసరికి నాకు నయమైపోయిందనే ఇంట్లో అందరూ అనుకున్నారు. బైకు మీద వెనకనుంచి వచ్చి పుస్తెలతాడు తెంపుకుపోయిన ఇద్దరి మొహాలూ నేను చూడలేదు, హెల్మెట్లు పెట్టుకున్నారు. అందుకేనేమో, హెల్మెట్‌లో ఉన్న ప్రతి మొహమూ నాకు వాళ్లదే అయింది. పార్శిల్ తెచ్చిన కుర్రాడు గుమ్మంలో నిలబడి "మేడమ్, ఓటీపీ చెప్పండి" అంటుంటే నా చూపంతా అతని చేతుల మీదే. ఫోను కోసం జేబులో చెయ్యి పెట్టాడంటే నాకు అరచేతులు చెమటలు పట్టేవి. గ్రిల్ సందులోంచే అంకెలు చెప్పి తలుపేసేదాన్ని. వెనక బైకు నెమ్మదించిన చప్పుడు వినబడితే చాలు, చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయేది.

బాధేమిటంటే, దీన్నెవరూ జబ్బనుకోలేదు. "కాలం బాలేదమ్మా, ఎవర్నీ నమ్మకు" అని అత్తయ్య మెచ్చుకునేవారు. పక్కింటివాళ్లూ అదే మాట. రాత్రిళ్లు ఉలిక్కిపడి లేవడం ఎంతకీ తగ్గకపోతే మా ఆయనే సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లారు.

పీటీఎస్‌డీ అన్నారు డాక్టరుగారు, అంటే ఘోరమైన సంఘటన జరిగాక ఆ భయం మనసును వదలకుండా పట్టుకునే జబ్బు. అది యుద్ధం చూసొచ్చిన సైనికులకే వస్తుందనుకునేదాన్ని. అమెరికా సైకియాట్రిస్టుల సంఘం 1980లో దీన్ని జబ్బుల జాబితాలో చేర్చింది. 2013 నాటి జాబితాలో 'ఎవర్నీ నమ్మలేం' లాంటి నమ్మకం మనసులో పాతుకుపోవడాన్ని కూడా లక్షణంగా రాసింది. మా ఇంట్లో రోజూ వింటున్న మాటే! మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా, ఎదుటి మనిషి ఎవరో మనకు తెలిసేలోపే గంట కొట్టేస్తుందట. దాన్ని సద్దుమణిగించాల్సిన ముందరి భాగానికి ఈ జబ్బులో పట్టు సడలుతుందట.

సెర్ట్రలిన్ మాత్రలు రాశారు, ఎక్స్‌పోజర్ థెరపీ మొదలుపెట్టారు. భయాలన్నీ కాగితం మీద రాసి ఒక్కోదానికి 0 నుంచి 100 దాకా మార్కులు వేయించారు. తక్కువ మార్కుల భయంతో మొదలు: బాల్కనీలోంచి బైకులు చూడడం. భయం దిగేదాకా అక్కణ్ణుంచి కదలకూడదు. గేటు దాకా వెళ్లి పార్శిల్ చేత్తో అందుకోవడం బాగా పైన ఉండేది. ఆ వంతు వచ్చిన రోజు మండుటెండ. "నీళ్లు తాగుతావా బాబూ?" అన్నాను, గొంతు వణుకుతూనే ఉంది. హెల్మెట్ తీశాడు. జుట్టంతా తడిసి నుదుటికి అంటుకుపోయింది, దవడ కింద పట్టీ ఒరుసుకున్న ఎర్రటి గీత. సీసా సగం ఖాళీ చేసి "థాంక్సండీ" అన్నాడు.

ఇప్పుడు మాత్రల మోతాదు తగ్గించారు. ఖాళీ సందులో బైకు నెమ్మదిస్తే చెయ్యి ఇంకా మెడ మీదికి పోతుంది, కానీ తల తిప్పి ఆ మనిషిని చూడగలుగుతున్నాను. ఇలాంటి భయంతో నిద్రకు దూరమైనవాళ్లు మీ ఇంట్లో ఉంటే ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.