మొటిమలు తగ్గాక మిగిలిన గుంటలు

కొత్తపట్నం వైపు రొయ్యల చెరువుల మీద పనిచేసేవాడికి ఎండా తప్పదు, ఉప్పుగాలీ తప్పదు. నా బుగ్గల మీద లేచినవి పైపై పొక్కులు కావు. చర్మం అడుగున గడ్డకట్టి, తాకితే సలిపి, మానాక కూడా గుంట పెట్టిపోయే మొటిమలు. వయసు మొటిమలేనని, పెళ్లయితే అవే పోతాయని ఇంట్లో తేల్చేశారు. ఒక మందుల దుకాణంలో ఇచ్చిన ట్యూబు రాసినన్నాళ్లూ ముఖం నున్నగా ఉండి, ఆపగానే ఎర్రబడి మునుపటికంటే ఎక్కువగా పొక్కింది. అందులో స్టెరాయిడ్ ఉందని, వైద్యుల చీటీ లేకుండా దాన్ని అమ్మకూడదని ఒంగోలులోని చర్మవైద్యురాలు చెప్పారు.

ఆవిడ నన్ను కిటికీ వెలుతురు పక్కనుంచి పడేలా కూర్చోబెట్టి, రెండు వేళ్లతో బుగ్గను సాగదీసి, అద్దం చేతికిచ్చారు. కొన్ని గుంటలు మాయమయ్యాయి. కొన్ని సూదితో పొడిచినట్లు అలాగే నిలిచాయి. మాయమైనవాటిని అడుగునున్న పీచు కిందికి లాగిపట్టి ఉంచుతుంది కనుక, దాన్ని తెంపితే చర్మం పైకి లేస్తుందట. నల్లమచ్చలు వాపు తగ్గాక మిగిలిన రంగు మాత్రమే. ఎండ తగలకుండా సన్‌స్క్రీన్ రాసుకుంటే నెలల మీద పలచబడతాయి. క్రీముల ప్రకటనలు మాత్రం గుంటలనూ మచ్చలనూ కలిపేసి అమ్ముతాయి.

కొత్త మొటిమలు ఆగనిదే పాత గుంటల జోలికి వెళ్లనన్నారు. కాలేయానికి, రక్తంలోని కొవ్వుకు పరీక్షలు చేయించి ఐసోట్రెటినాయిన్ మొదలుపెట్టారు. విటమిన్ ఏ జాతికి చెందిన ఈ మందు చర్మంలోని తైలగ్రంథులను కుదిస్తుంది. పెదవులు ఎంతగా పగిలాయంటే, నెల్లూరు చేపల పులుసు తగిలితే చాలు, కళ్లలో నీళ్లు తిరిగేవి. గర్భంలోని బిడ్డకు తీవ్రమైన లోపాలు కలిగించగల మందు కావడంతో, మొటిమలే కదా అని చెల్లెలికి ఒక్క మాత్ర కూడా ఇవ్వవద్దని గట్టిగా హెచ్చరించారు.

మొటిమలు పూర్తిగా అణిగాక సబ్‌సిషన్ చేశారు. బుగ్గ మొద్దుబారేలా మత్తుమందు ఎక్కించి, చర్మం కింద సూదిని అటూ ఇటూ ఆడిస్తూ పీచును తెంపుతారు. నొప్పి లేదు గాని, నా బుగ్గలోంచే పటపటమనే చప్పుడు నా చెవికే వినబడుతుంటే కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. బుగ్గ వాచి, నేరేడుపండు రంగుకు తిరిగి, కొన్నాళ్లకు మామూలైంది. ఆ తరువాత సన్నని సూదులతో చర్మాన్ని గుచ్చే మైక్రోనీడ్లింగ్ విడతలు సాగాయి. లేజరు సంగతి నేనే అడిగాను. చామనచాయ వారికి కొత్తగా నల్లమచ్చలు పడే అవకాశం ఎక్కువని, రోజంతా ఎండలో ఉండే నాకు తొందర వద్దని అన్నారు.

వెడల్పాటి గుంటలు చాలావరకు పూడాయి, పూర్తిగా కాదు. కణత దగ్గరి సన్నని లోతు గుంటల్లో ఆమ్లాన్ని పుల్లతో చుక్కగా పెట్టే చికిత్స ఇంకా మిగిలింది. దానికి ఎండలు తగ్గాక కార్తీకంలో రమ్మన్నారు.