చారడేసి కళ్ళు

బాబుకి ఆరో నెలలో అన్నప్రాశనకని డాలస్ నుంచి వైజాగ్ వచ్చాం. ఎంవీపీ కాలనీలో అమ్మావాళ్ళింటికి ఎవరొచ్చినా ఒకటే మాట, 'అబ్బ, చారడేసి కళ్ళే వీడికి!' అమ్మ మురిసిపోయి రోజూ ఉప్పు తిప్పి దిష్టి తీసేది. డాబా మీదికి తీసుకెళ్తే చాలు, వాడు మొహం నా భుజంలో దాచేసుకునేవాడు, కళ్ళు ఊరికే కారేవి. డాలస్‌లో డాక్టరు కన్నీటి గొట్టం మూసుకుపోయింది, మసాజ్ చెయ్యమంది. ఇక్కడ పిన్ని రెండు చుక్కలు చనుబాలు వెయ్యమంది. నేను రెండూ చేశాను.

చివరికి ఇక్కడే కంటాసుపత్రిలో కొలిచారు. కార్నియా, అంటే నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొర, అడ్డంగా 13 మిల్లీమీటర్లు. ఏడాది లోపు పిల్లలకి 12 దాటితేనే అనుమానించాలట. పుట్టుకతో వచ్చిన గ్లాకోమా, అంటే నీటికాసులు. కంట్లో ఊరే నీరు బయటికి పోయే దారి సరిగ్గా ఏర్పడక ఒత్తిడి పెరుగుతుంది, పసికన్ను మెత్తన కదా, సాగిపోతుంది. మేం మురిసిపోయింది ఆ సాగడం చూసి. వారం తేడాతో రెండు కళ్ళకీ ఆపరేషన్ చేశారు. పోయిన చూపు రాదు, ఉన్నది నిలబెట్టుకోవాలి అన్నారు.

మాది మేనరికం. డాక్టరు ఆ మాట అడగ్గానే అమ్మ తల దించేసింది. తల్లిలో ఒకటి, తండ్రిలో ఒకటి లోపమున్న జన్యువు ఉంటే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశమని, మేనరికాలు లేని ఇళ్ళల్లో కూడా వస్తుందని ఎన్నిసార్లు చెప్పానో. 'మా అన్నయ్య కొడుకని ముచ్చటపడి నేనే చేశాను' అంటుంది, అంతే. మా అత్తయ్య కూడా అప్పటినుంచీ 'వదినా' అని నోరారా పిలవడం మానేసింది.

ఇప్పుడు వాడికి ఎనిమిదేళ్ళు. డాలస్‌లో క్లాసులో లేచి నిలబడి 'నాకు గ్లాకోమా, అందుకే ముందు బెంచీ' అని చెప్పేస్తాడు. ఈ వేసవిలో ఆర్కే బీచ్‌లో, టోపీ, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని మురీ మిక్చర్ తింటూ ఎవరో అడిగితే అలాగే చెప్పబోయాడు. అమ్మ వాడి చెయ్యి నొక్కి 'ఎండ పడదండీ వీడికి' అంది. ఇంటికొచ్చాక నాతో, రేపు వీడి అక్కకి సంబంధాలు చూడొద్దా అని! అక్కకి పదకొండేళ్ళు.

కోపమొచ్చింది, కానీ అమ్మని అనడానికి నోరు రాలేదు. అక్కడ తెలుగువాళ్ళ ఉగాది భోజనాల్లో 'పవర్ కాస్త ఎక్కువండీ' అని తప్పించుకునేది నేనే కదా.

ఆ రాత్రి అమ్మ వాడికి చుక్కలు వేసి, ఉప్పు తెచ్చి దిష్టి తీసింది. చిన్నప్పుడు తమ్ముడికి మత్తిచ్చి కంటి ఒత్తిడి చూసిన ప్రతిసారీ, పక్కింట్లో పడుకోబెడితే నోరెత్తకుండా పడుకున్న పిల్ల మా అమ్మాయి. చుక్కల డబ్బా మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టొచ్చి, అమ్మ ముందు నిలబడింది.

'అమ్మమ్మా, నాకూ తియ్యవా?'