లైనక్స్ డెస్క్‌టాప్ నత్తనడక నడుస్తోందా? ముందు రెండరర్ చూడండి

ఉబుంటులో మెసా-యుటిల్స్ ప్యాకేజీ వేసి, టెర్మినల్‌లో జీఎల్ఎక్స్‌ఇన్ఫో ఆదేశం నడపండి. రెండరర్ (తెరపై బొమ్మ గీసేది) వరుసలో ఎల్ఎల్‌వీఎంపైప్ అని ఉంటే గ్రాఫిక్స్ చిప్ ఖాళీగా కూర్చుంది, బొమ్మంతా ప్రాసెసరే గీస్తోంది.

తరచూ కారణం నోమోడ్‌సెట్, అంటే గ్రాఫిక్స్ డ్రైవర్‌ను పక్కన పెట్టే బూట్ సెట్టింగ్. ఇన్‌స్టాల్ వేళ నల్లతెర తప్పించుకోడానికి పెట్టి, తీయడం మరిచిపోతారు. గ్రబ్ (సిస్టమ్‌ను బూట్ చేసే ప్రోగ్రామ్) ఫైల్లో ఆ మాట చెరిపి, అప్‌డేట్-గ్రబ్ నడిపి రీబూట్ చేయాలి.

ఎన్విడియాతో తలనొప్పి వేరు. కొత్త కెర్నల్‌కు (లైనక్స్ మూల భాగానికి) హెడర్లు, అంటే డ్రైవర్ కట్టడానికి కావలసిన ఫైళ్లు లేకపోతే, ప్రతి కెర్నల్‌కూ డ్రైవర్‌ను తిరిగి కట్టే డీకేఎంఎస్ ఆ డ్రైవర్ మాడ్యూల్‌ను తయారు చేయలేదు. చేసినా, సెక్యూర్ బూట్ (సంతకం లేని కోడ్‌ను ఆపే రక్షణ) ఆన్‌లో ఉండి మోక్ కీ (ఆ సంతకాన్ని గుర్తించే మీ సొంత కీ) నమోదు కాకపోతే కెర్నల్ దాన్ని లోడ్ చేయదు. డ్రైవర్‌ను మళ్లీ మళ్లీ వేయడం దండగ (చాలామంది చేసేది అదే). రీబూట్‌లో వచ్చే నీలి తెరపై ఎన్‌రోల్ మోక్ ఎంచుకుని, డ్రైవర్ వేసేటప్పుడు పెట్టుకున్న పాస్‌వర్డ్ కొట్టండి. ఆ తెర కొద్ది సెకన్లే నిలుస్తుంది.

వేలాండ్‌లో (తెరను నడిపే కొత్త వ్యవస్థలో) ఎక్స్‌వేలాండ్ అప్లికేషన్లు, అంటే పాత ఎక్స్11 కోసం రాసినవి మాత్రమే మిణుకుమంటే, ఎక్స్‌ప్లిసిట్ సింక్ (బొమ్మ గీయడం పూర్తయ్యాకే తెరపై చూపే పద్ధతి) ఉన్న ఎన్విడియా 555 లేదా ఆపై డ్రైవర్ కావాలి. ఎక్స్‌వేలాండ్ కూడా కనీసం 24.1 వెర్షన్ అయి ఉండాలి.