కొల్లేరు దారిలో కొంగల లెక్క

డిసెంబర్‌లో కొల్లేరు పోదాం రా బావా అంటే, "కొంగలే కదరా, మన చేలో లేవా" అన్నాడు, కానీ వచ్చాడులెండి. బెజవాడలో పొద్దున్నే రైలెక్కి గుడివాడ మీదుగా కైకలూరులో దిగాం, అక్కణ్ణుంచి కొల్లేట్లో పక్షుల్ని చూసే చోటు ఆటపాకకి ఆటో. దారిలో అంతా చేపల చెరువులూ కాలవలే, సగం పక్షులు అక్కడే కనబడ్డాయి. పట్టుబడికి నీళ్లు తోడేస్తున్న చెరువు కనిపిస్తే ఆటో ఆపించా, అలాంటి చోట కొంగలన్నీ ఒక్క దగ్గరకే చేరతాయి మరి.

తెల్లవాటిని చూస్తే రంగు వదిలేసి ముక్కు, కాళ్లు చూడాలి. ముక్కూ కాళ్లూ నల్లగా ఉండి పాదాలు మాత్రం పసుప్పచ్చగా సాక్సులు తొడుక్కున్నట్టుంటే అది లిటిల్ ఎగ్రెట్. గేదెల వెనకాల తిరిగే పసుపు ముక్కుది వేరు, దానికి చేపల కన్నా గేదె కదిలితే లేచే మిడతలే ముఖ్యం. గుడ్డికొంగ గట్టు మీద మట్టిరంగులో అసలు కనపడదు, లేచిందంటే రెక్కలు తెల్లగా తళుక్కుమంటాయి, బావ "ఇదెక్కణ్ణుంచి ఊడిపడిందిరా" అన్నాడు.

నీటికాకి, డార్టర్ రెండూ నల్లగానే ఉంటాయి, రెండూ రెక్కలు చాపి ఎండబెట్టుకుంటాయి. ముక్కు చివర కొక్కెంలా వంగితే నీటికాకి, సూదిలా ఉంటే డార్టర్. డార్టర్ ఈదేటప్పుడు ఒళ్లంతా నీళ్లలో ఉండి మెడొక్కటే పైకి కనబడుతుంది, అచ్చం పామే.

ఆటపాకలో పడవెక్కాం. గూడబాతులు గూళ్లు పెట్టుకోడానికి ఫారెస్టోళ్లు నీళ్లలో ఇనుప స్టాండ్లు వేశారు, వాటి మీద సందు లేదు, వాసన మాత్రం గట్టిగానే కొడుతుంది. పై ముక్కు మీద వరసగా చుక్కలుంటాయి, అందుకే ఇంగ్లీషులో ఈ గూడబాతుని స్పాట్ బిల్డ్ పెలికాన్ (చుక్కల ముక్కుది) అంటారు. పక్కనే ఎర్రకాళ్ల కొంగలు, తోక దగ్గర గులాబీ రంగు. ఎగిరేటప్పుడు ఇవి మెడ చాచుకుని పోతాయి, గుడ్డికొంగలూ ఎగ్రెట్లూ మడిచేసుకుంటాయి, దూరం నుంచి పోల్చుకోడానికి నాకు తెలిసి ఇంతకన్నా తేలిక గుర్తు లేదు.

కొల్లేరు 2002లోనే రామ్‌సర్ సైట్ (అంటే ప్రపంచ స్థాయిలో ముఖ్యమని గుర్తించిన చిత్తడి నేల) అయింది, 2006లో సరస్సు లోపలి చేపల చెరువుల గట్లు చాలా కొట్టేశారు కూడా, అయినా చుట్టూ చూస్తే చెరువులే ఎక్కువ.

వెళ్తే చలికాలంలో పొద్దున్నే వెళ్లండి, బైనాక్యులర్ మర్చిపోకండి. ఒక్కటే తీసుకెళ్లా, పడవెక్కాక బావ దాన్ని నాకు ఇస్తే ఒట్టు.