బడి గంట వినపడే ఇల్లు

పొట్టిక్క బుట్ట కుట్టాలంటే పనసాకులు నాలుగు కావాలి. మరీ లేతవైతే ఆవిరికి వాడిపోయి పిండి కారిపోతుంది. బాగా ముదిరినవైతే వంచగానే విరుగుతాయి. కరెంటు లేని రోజుల్లో కూడా మా అమ్మ బుడ్డి దీపం వెలుగులో చేత్తో తడిమి ఆకు ఎంచేది. నాలుగు ఆకుల్నీ అడుగున ఒకదాని మీద ఒకటి పడేలా పేర్చి, ఈనెపుల్ల ముక్కతో గుచ్చి, అంచులు పైకి లేపి పక్క ఆకుతో కలిపి మళ్లీ గుచ్చితే చిన్న బుట్టలా నిలబడుతుంది. అందులో ఇడ్లీ పిండి ముప్పాతిక వంతు పోసి ఆవిరి మీద పెట్టాలి. అది ఉడికేటప్పుడు ఇల్లంతా అలుముకునే పనసాకు వాసన గురించి కోనసీమలో పుట్టినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

మన బడి సంచికకి ఏదైనా రాయమని మన బ్యాచ్ వాళ్లు అడగ్గానే నాకు ఆ బుట్టలే గుర్తొచ్చాయి. వాటిని కుట్టడం నేనూ చిట్టీ ఒకే రోజు నేర్చుకున్నాం, మా వంటింట్లో పక్కపక్కన కూర్చుని. అప్పటికి మేమిద్దరం మూడేళ్లుగా ఒకే బెంచీ. అయినా ఆ ముందు ఏడాది తుఫాను వచ్చేదాకా చిట్టి మా వంటింట్లో అడుగు పెట్టింది లేదు.

అసలు పేరు వేయొద్దంది కాబట్టి చిట్టి అనే రాస్తున్నాను. 1998 పదో తరగతి బ్యాచ్ వాళ్లకి ఎవరో తెలిసిపోతుంది. వాళ్ల నాన్న మా తోటలో చెట్లెక్కి కొబ్బరి దింపు తీసేవాడు. మా తోటకే కాదు, మా వీధి తోటలన్నిటికీ దింపు ఆయనదే. వాళ్ల అమ్మ దింపు రోజున వచ్చి కాయలు పోగేసి, రాశి లెక్క చెప్పి, వీధి అరుగు దగ్గర నిలబడి డబ్బులు తీసుకునేది. మా అమ్మని 'అమ్మగారండీ' అనేది. మా అమ్మ ఆవిణ్ని పేరు పెట్టి పిలిచేది. చిట్టి నా కోసం వస్తే అరుగు మీదే కూర్చునేది. అది ఎందుకని నేను ఎప్పుడూ అడగలేదు. ఇంట్లో పుట్టినప్పటినుంచీ చూస్తున్నది అడగాలని పిల్లలకి తోచదు. ఇప్పుడు తలుచుకుంటే మనసుకి కష్టంగా ఉంటుంది.

1996 నవంబరు 6, బుధవారం. దీపావళి ఇంకా నాలుగు రోజులే ఉంది. మా అన్నయ్య మతాబుల మందు చాటలో పోసి ఎండ కోసం చూస్తున్నాడు. పొద్దున్నుంచీ ముసురు. మధ్యాహ్నం గాలి మొదలయ్యేసరికి మాస్టార్లు మమ్మల్ని ఇళ్లకి పంపించేశారు. చీకటి పడుతుండగా కరెంటు పోయింది. ఆ తర్వాత పెద్దగాలి. చిట్టి వాళ్లది తాటాకు ఇల్లు. పైకప్పు లేచిపోగానే వాళ్ల నాన్న పిల్లలిద్దర్నీ చెరో చంకన పెట్టుకుని మా ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. వెనక వాళ్ల అమ్మ, ఆవిడ వెనక ఆ వరసలో ఉన్న ఇళ్ల వాళ్లంతా. మాది పెంకుటిల్లు. ఒక్క గదికి మాత్రం ఆ ముందు ఏడాదే నాన్నగారు శ్లాబు వేయించారు. ఆ గదిలో ఆ రాత్రి ఇరవై ఎనిమిది మందిమి ఉన్నాం. కొబ్బరికాయలు పెంకుల మీద పడి పగులుతున్న చప్పుడు ఒకటి, దూరంగా చెట్లు మొదలంటా కూలుతున్న చప్పుడు ఇంకొకటి. రెండోది వినపడ్డప్పుడల్లా చిట్టి వాళ్ల నాన్న కళ్లు మూసుకునేవాడు. ఏ దిక్కు నుంచి వచ్చిందో వింటున్నాడని, ఏ చెట్టు పడిందో పోల్చుకుంటున్నాడని నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది.

తెల్లారి బయటికొస్తే మా ఊళ్లో ఆకాశం అంత పెద్దదని మొదటిసారి తెలిసింది. కోనసీమలో ఇంటి ముందు నిలబడితే ఎటు చూసినా కొబ్బరి మట్టలే కదా. ఆ రోజు మా అరుగు మీద నుంచి మన బడి కనపడింది. అంత దగ్గరని ఎప్పుడూ అనుకోలేదు. పెంకులన్నీ లేచిపోయి దూలాలు బయటపడ్డాయి, ప్రేయర్ చేసే చోట నిద్రగన్నేరు చెట్టు అడ్డంగా పడి ఉంది.

ఆ తుఫానులో వెయ్యి మందికి పైగా పోయారు. సముద్రం వైపు, కాట్రేనికోన దాటాక ఉన్న ఊళ్ల సంగతి మనందరికీ తెలుసు, ఇక్కడ మళ్లీ రాయలేను. ముఖ్యమంత్రి రాజమండ్రిలో మకాం వేసి పనులు చూశారని పెద్దవాళ్లు చెప్పుకునేవారు. మాకు మాత్రం మూడో రోజు వరకూ రోడ్డంటూ లేదు. ముమ్మిడివరం వెళ్లాలన్నా చెట్లెక్కి దిగుతూ వెళ్లాల్సిందే. తాగడానికి పడిపోయిన చెట్ల బొండాలు.

ఆ రెండో రోజు జరిగింది ఒకటి చెప్పాలి. నాన్నగారు తోటలోకి వెళ్లారు. నేనూ చిట్టీ వెనకే వెళ్లాం. రెండెకరాల్లో నూట ఇరవై చెట్లు. పడ్డవన్నీ ఒకే వైపు తలలు పెట్టి, చాపలు పరిచినట్టు ఉన్నాయి. నాన్నగారు ఒక మాను మీద కూర్చుండిపోయారు. చిట్టి వాళ్ల నాన్న కూర్చోలేదు. ఒక్కో చెట్టు దగ్గరికీ వెళ్లి, మాను మీద చెయ్యి వేసి, దాని గురించి ఒక మాట చెప్పేవాడు. "ఇది బాబుగారూ, గెలలన్నీ తూరుపుకే దిగేవి." "దీని మీదే కదండీ ఆ యేడు నన్ను తేళ్లు కుట్టింది." "ఇది మీ నాన్నగారు పెట్టింది, కాయ చిన్నదైనా కోరు తియ్యన." అలా ఎనభై తొమ్మిది చెట్లు. నిలబడ్డవి ముప్ఫై ఒకటి. నాన్నగారు ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. మాది తోట పోయింది, ఆయనది పని పోయింది. కొత్త మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. ఆ ఆరేడేళ్లూ ఎక్కడానికి చెట్టు లేకపోతే దింపు తీసే మనిషి ఏం తిని బతకాలి?

మిగతావాళ్లు ఒక్కొక్కరే పాకలు వేసుకుని వెళ్లారు. చిట్టి వాళ్లు నాలుగు నెలలు మా ఇంట్లోనే ఉన్నారు. అమ్మే ఉండమంది. మొదటి రెండు రోజులు మా నాయనమ్మ వంటింటి గడప దగ్గర పీట వేసుకుని కూర్చుంది. ఎందుకు కూర్చుందో అందరికీ తెలుసు. మూడో రోజు పొద్దున కట్టెలన్నీ తడిసి పొయ్యి రాజుకోలేదు. అమ్మ ఊది ఊది కళ్లు ఎర్రబడి దగ్గుతోంది. చిట్టి వాళ్ల అమ్మ బయట నుంచే, "అమ్మగారండీ, కొబ్బరి డొక్క లోపలి పీచు పొడిగా ఉంటదండీ, అది తీసి ముందు అంటించాలండీ" అంది. అమ్మ వెనక్కి తిరిగి, "అక్కడ నుంచి చెప్పడం దేనికి, వచ్చి వెలిగించు" అంది. ఎవరూ కదల్లేదు. కాసేపటికి నాయనమ్మ తన పీట ఎత్తుకుని పక్కకి జరిగింది. అంతే. దాని గురించి మా ఇంట్లో ఆ రోజూ తర్వాతా ఎవరూ మాట్లాడుకోలేదు.

బడి మళ్లీ మొదలయ్యాక గుడి మండపంలో కూర్చోబెట్టేవారు, గుర్తుందా? పెద్ద తరగతులు పొద్దున, చిన్నవాళ్లు మధ్యాహ్నం. చిట్టి పుస్తకాలన్నీ వరదనీళ్లలో పోయాయి. నావి తడిసి మిగిలాయి. అరుగు మీద ఆరబెట్టి, మధ్యమధ్యలో బూడిద చల్లి పేజీలు విడదీసేవాళ్లం. సాంఘికశాస్త్రం పుస్తకం ఉబ్బి రెండింతలైంది, దాన్ని మూయాలంటే ఒకరు మీద కూర్చోవాలి. ఆ ఒక్క సెట్టుతోనే ఇద్దరం తొమ్మిది గట్టెక్కాం. నేను పైకి చదివితే అది వినేది. లెక్కలు అది చేస్తే నేను చూసేదాన్ని. ఇప్పటికీ నాకు ఏదైనా గుర్తుండాలంటే పైకి చదువుకోవాల్సిందే.

1997 ఎండాకాలంలో చిట్టి వాళ్ల అమ్మ కువైట్ వెళ్లింది, ఇళ్లలో పనికి. తుఫాను తర్వాత మన వైపు నుంచి అలా వెళ్లిన ఆడవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. ఏజెంటుకి కట్టాల్సిన డబ్బులో కొంత అమ్మ తన గాజులు తాకట్టు పెట్టి సర్దింది. వాళ్ల నాన్న కొన్నేళ్లు చేపల చెరువుల మీద కాపలాకి పోయాడు. తమ్ముణ్ని అమ్మమ్మగారి ఊరు పంపారు. పదో తరగతి అని చిట్టిని మా దగ్గర ఉంచారు. వెళ్లే రోజు ఆవిడ చిట్టి చెయ్యి అమ్మ చేతిలో పెట్టి ఏమీ అనలేకపోయింది. ఆ ఆదివారమే అమ్మ మా ఇద్దర్నీ కూర్చోబెట్టి పొట్టిక్క బుట్టలు కుట్టడం నేర్పింది. చిట్టి ఏడుస్తూనే కుట్టింది. దాని బుట్ట నిలబడింది, నాది కారిపోయింది. దాని బుట్టలోది నాకు పెట్టి, నా బుట్టలోంచి పిండి అంటుకున్న ఆకు అది గీరుకుని తింది.

కువైట్ నుంచి ఫోనంటే ఊళ్లో ఉన్న ఒక్క ఎస్టీడీ బూత్‌కి. రెండు నెలలకోసారి, శుక్రవారం, వాళ్లకి సెలవు కాబట్టి. మూడు నిమిషాల్లో ఏడుపే సరిపోయేది. ఆవిడకి చదువు రాదు, ఉత్తరాలు కుదరవు. అందుకని క్యాసెట్లు పంపేది. వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల చేతికిచ్చి అరవై నిమిషాల క్యాసెట్. పక్క వీధిలో గల్ఫ్ నుంచి వచ్చినాయన దగ్గర పానసోనిక్ టేప్‌రికార్డర్ ఎరువు తెచ్చి, భోజనాలయ్యాక మండువాలో పెట్టుకుని అందరం వినేవాళ్లం. అక్కడి ఎండ, యజమానురాలి పిల్లలు, రొట్టెలు, రాత్రిపూట వచ్చే కలలు అన్నీ చెప్పేది. చివర్లో మా అందరి పేర్లూ వరసగా చెప్పి బాగున్నారా అని ఒక్కొక్కరినీ అడిగి, జవాబు కోసం కాసేపు ఆగేది. ఆ ఆగినప్పుడల్లా నాయనమ్మ "బాగానే ఉన్నానమ్మా" అని టేప్‌రికార్డర్‌కి జవాబు చెప్పేది. తిరిగి పంపే క్యాసెట్‌లో చిట్టి మాట్లాడేది, నేను మాట్లాడేదాన్ని, మిగిలింది అమ్మ ఎప్పుడో మేం లేనప్పుడు నింపేది. అమ్మ ఏం మాట్లాడేదో మాకు తెలీదు.

పదో తరగతి పరీక్షలకి రాత్రి రెండింటిదాకా చదివేవాళ్లం, అమ్మ కూడా మాతోపాటు మేలుకుని కూర్చునేది. ఆ మార్చిలోనే మన బాలయోగి గారు లోక్‌సభ స్పీకర్ అయ్యారు, ఊరంతా పండగ. పరీక్షల టెన్షన్‌లో కూడా చిట్టీ నేనూ ఒక పొద్దు బయటికొచ్చి బాణసంచా చూశాం. చిట్టికి నాకన్నా పదహారు మార్కులు ఎక్కువొచ్చాయి. కాకినాడలో నర్సింగ్ చదివింది. నేను బ్యాంకు ఉద్యోగంతో హైదరాబాద్ వచ్చేశాను.

తోట సంగతి కూడా చెప్పాలి. నిలబడిన ముప్ఫై ఒక్క చెట్ల కాయలే విత్తనం కట్టాలని చిట్టి వాళ్ల నాన్న పట్టుపట్టాడు. అంత గాలికి నిలిచినవాటి పిల్లలు కదా అనేవాడు. 1997 తొలకరికి ఆయనా నాన్నగారూ కలిసి గోతులు తీసి మొక్కలు పెట్టారు. 2004లో మొదటి దింపు తీయడానికి చెరువుల మీద నుంచి సెలవు పెట్టుకుని వచ్చాడు. మొదటి కాయ కొట్టి రెండు చిప్పలూ రెండిళ్లకి పంపారు. ఆయన ఇప్పుడు చెట్టెక్కడం లేదు. తోటలో కుర్చీ వేసుకుని ఎక్కేవాళ్లకి కింద నుంచి చెబుతుంటాడు.

ఏటా కనుమకి నేను ఊరొస్తాను, చిట్టీ వస్తుంది. జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పిల్లల్ని తీసుకుని కలిసే వెళతాం. ఏకాదశ రుద్రుల ప్రభల్లో ఒకటి కౌశిక కాలువ దాటేటప్పుడు, మోసేవాళ్లు నీళ్లలో దిగగానే, చిట్టి ఇప్పటికీ నా ముంజేయి పట్టుకుంటుంది. ఎనిమిదో తరగతిలో పట్టుకున్నంత గట్టిగానే.

అమ్మ 2019లో పోయింది. కాకినాడ ఆస్పత్రిలో ఆఖరి పదకొండు రోజులూ డ్యూటీ అయ్యాక చిట్టే రాత్రి మంచం పక్కన ఉంది. నేను హైదరాబాద్ నుంచి వచ్చేసరికి అమ్మకి తల దువ్వి జడ వేసి ఉంది. ఎవరు వేశారని అడగలేదు. మధ్యపాయ లాగి ఎడమ వైపుకి తిప్పే ఆ జడ అమ్మ మా ఇద్దరికీ వేసేది.

పోయినేడు కనుమకి చిట్టి ఫోన్‌లో ఒకటి వినిపించింది. వాళ్ల అమ్మ కువైట్ నుంచి తెచ్చుకున్న రేకు పెట్టె అడుగున మేం పంపిన క్యాసెట్లు దొరికాయట. అమలాపురంలో ఎవరి చేతో ఫోన్‌లోకి ఎక్కించింది. అమ్మ ఫొటోలు మా దగ్గర చాలా ఉన్నాయి కానీ గొంతు మాత్రం ఎక్కడా లేదు. ఉన్నది ఆ పెట్టెలోనే. చిట్టి వాళ్ల అమ్మ, చిట్టి, నేను ముగ్గురం మా మండువాలో కూర్చుని విన్నాం. ముందు ఏదో గరగర, గిన్నె పక్కకి పెట్టిన చప్పుడు. తర్వాత అమ్మ.

"పిల్ల బాగానే తింటోంది. జడ నేనే వేస్తున్నా, నువ్వు బెంగ పెట్టుకోకు. మొన్న దానికి జ్వరం వచ్చింది, చెబితే అక్కడ నిద్రపోవని ఫోన్‌లో చెప్పలేదు, తగ్గిపోయింది. మొక్కలు బాగా తేరుకున్నాయి. నువ్వు కూడా వేళకి తిను. మా అత్తగారు నిన్ను అడిగానని చెప్పమంది..."

ఇంతలో దూరంగా గంట మోగింది. మన బడి రైలుపట్టా గంట, నాలుగున్నరకి కొట్టే పొడుగు గంట. తుఫానుకి చెట్లు పడిపోయాక అది మా ఇంటికి వినపడేది. కొత్త చెట్లు పెరిగాక మళ్లీ వినపడలేదు.

"అదిగో, బడి వదిలారు. పిల్లలిద్దరూ వచ్చేస్తారు. ఉంటాను వదినా."