మూడు పేర్లు వద్దన్నప్పుడు

ఈ రోజు ఆదివారం. చెన్నై శివారు గూడువాంచేరిలోని పిన్నిగారింటికి అమ్మను తీసుకువెళ్ళి, అక్కడే భోజనాలు కానిచ్చుకొని, సాయంత్రం నాలుగున్నరకు క్రోంపేటకు తిరిగి బయలుదేరాము. వండలూరు జూ దాటిన తరువాత జీఎస్టీ (గ్రాండ్ సదరన్ ట్రంక్) రోడ్డు మీద బండ్లన్నీ ఒకదాని వెనక ఒకటి నిలిచిపోయాయి. సెలవుకు సొంత ఊళ్ళకు వెళ్ళినవాళ్ళంతా ఆదివారం సాయంత్రం ఆ దారినే నగరంలోకి వస్తారు కనుక అందులో వింతేమీ లేదు. వెనక సీట్లో అమ్మ కాలు చాపుకొని కూర్చుంది. నా పక్కన కూర్చున్న మా అమ్మాయి కాసేపు కిటికీలోంచి చూసి, ఉన్నట్టుండి అడిగింది: "నాన్నా, డబ్బు సంగతి వదిలేసి, నీకు ఏ కారు కావాలంటే అది ఇస్తామంటే ఏది తీసుకుంటావు? కాంటెస్సా, పద్మిని, జిప్సీ మాత్రం చెప్పకూడదు."

ఆ మూడింటినీ ఎందుకు వద్దన్నదో నాకు తెలుసు. కార్ల మాట వచ్చినప్పుడల్లా నా నోటి నుంచి వచ్చేవి ఆ మూడు పేర్లే. కాంటెస్సా 1984లో వచ్చింది. దాని ఒళ్ళు బ్రిటన్‌లో అప్పటికే ఆగిపోయిన వాక్స్‌హాల్ విక్టర్‌ది. మొదట్లో అంబాసిడర్ ఇంజనే బిగించడం వల్ల ఆ బరువును లాగడానికి అది చాలలేదు కానీ, ఇసుజు 1.8 లీటర్ల ఇంజను వచ్చాక ఆ రూపానికి తగిన నడక అబ్బింది. పద్మిని అంటే నాకు మా మామయ్య కారు. గేరు కడ్డీ స్టీరింగు పక్కనే ఉండేది కనుక ముందు సీట్లో ముగ్గురు పట్టేవాళ్ళు, ఆ మధ్య చోటు ఎప్పుడూ నాదే. జిప్సీ మీద మోజు కాలేజీ రోజుల్లో, సైన్యం వాళ్ళ బండ్లను చూసి పుట్టింది. ఈ మూడూ తీసేసేసరికి నా దగ్గర జవాబు లేకుండా పోయింది. ముప్ఫై ఏళ్ళుగా ఒకే మాట చెబుతూ వచ్చిన నేను, ఆ మాట లేకపోతే అసలు కారులో నాకేం కావాలో ఎన్నడూ ఆలోచించలేదని ఆ క్షణంలో తెలిసి కలత పడ్డాను.

మేము ఆగిన చోటు స్టాండర్డ్ మోటార్స్ వారి పాత కర్మాగారానికి దగ్గరే కావడం వల్ల మొదట స్టాండర్డ్ 2000 గుర్తుకు వచ్చింది. 1985లో ఇక్కడి నుంచే బయటికి వచ్చిన ఆ కారు, 1977లో యూరప్‌లో ఆ ఏటి మేటి కారుగా ఎంపికైన రోవర్ ఎస్‌డీ1కు మన దేశపు రూపం. ముక్కు నుంచి వెనక తలుపు దాకా ఒకే వాలులో సాగే ఆ గీతను చూస్తే ఇప్పటికీ కళ్ళు తిప్పుకోలేను. అయితే రోవర్‌కున్న ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజనుకు బదులు, ఎప్పుడో వాన్‌గార్డ్ కార్ల కాలం నాటి 1991 సీసీ ఇంజనును ఇందులో పెట్టారు. కొన్నవాళ్ళు తక్కువ, కొన్నాళ్ళకే దాని తయారీ నిలిచిపోయింది, కంపెనీ కూడా నిలవలేదు. అంత అందమైన కారుకు అలాంటి గుండెను అమర్చినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. బాధతో కోరుకునే కారు కలల కారు ఎలా అవుతుందని దాన్ని పక్కన పెట్టాను.

తరువాత టాటా సియెర్రా అన్నాను. 1991లో వచ్చిన మొదటి సియెర్రా, వెనక భాగమంతా పైకప్పు దాకా ఒంపు తిరిగిన అద్దాలతో ఉండేదే నా ఉద్దేశం. అమ్మాయి వెంటనే, "దానికి పక్కన రెండే తలుపులు కదా, నానమ్మ వెనక్కి ఎలా ఎక్కుతుంది?" అని అడిగింది. నేను మాట్లాడలేకపోయాను. అమ్మ కారు ఎక్కే తీరు నేను రోజూ చూస్తున్నదే: ముందు వీపు తిప్పి సీటు అంచున కూర్చుంటుంది, ఎడమ చేత్తో తలుపు పైభాగం పట్టుకుంటుంది, మంచి కాలు లోపల పెట్టుకుంటుంది, ఆ తరువాత నొప్పి ఉన్న కుడి మోకాలిని రెండు చేతులతో ఎత్తి లోపలికి తీసుకుంటుంది. ఇన్నేళ్ళుగా నేను కలగన్న ఏ కారులోనూ వెనక సీట్లో అమ్మ లేదు. ఉన్నది నేనొక్కడినే, ముందు ఖాళీ రోడ్డు.

స్టాండర్డ్ మోటార్స్ వారిదే మరో పాత కారు హెరాల్డ్. దాని మాట ఎత్తింది అమ్మే. "నెల్లూరులో పొగతోట డాక్టరుగారి తెల్ల కారు ఏదిరా, ముందు భాగమంతా లేచేది?" అన్నది. అంతే, నా ఏడేళ్ళ వయసు నాటి దృశ్యం ఒకటి కళ్ళ ముందు నిలిచింది. ఆసుపత్రి ముందు వేపచెట్టు కింద ఆ కారు ఆగి ఉంది. డ్రైవరు రెండు పక్కల ఉన్న గొళ్ళేలను విప్పి, బానెట్టును, దానితో పాటు రెండు రెక్కలనూ దీపాలనూ కలిపి ఒకేసారి ముందుకు వంచాడు. అప్పుడు ఇంజను, ముందు చక్రాలు, స్టీరింగు కడ్డీలు అన్నీ ఏ మరుగూ లేకుండా బయటపడ్డాయి. ఆయన ముందు టైరు మీద పీట మీద కూర్చున్నంత తీరిగ్గా కూర్చొని స్పానరు తిప్పుతుంటే, చుట్టూ చేరిన పిల్లలం వేడి నూనె వాసన పీలుస్తూ కదలకుండా నిలబడ్డాము. కారు లోపల ఏముంటుందో నేను మొదటిసారి చూసింది ఆ రోజే. ఇంత కాలం ఆ పేరు నాకెందుకు తట్టలేదో తెలియదు. ఆ మూడు పేర్లు అంత గట్టిగా అడ్డు నిలిచాయేమో.

హెరాల్డ్ పుట్టుక కథ నాకు బాగా నచ్చుతుంది. 1950లలో బ్రిటన్‌లోని స్టాండర్డ్-ట్రయంఫ్‌కు కార్ల ఒళ్ళు చేసిపెట్టే ఫిషర్ అండ్ లడ్లో కంపెనీని పోటీదారైన బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) కొనేసింది. అప్పటికి అందరూ ఛాసిస్ (కింది చట్రం), ఒళ్ళు ఒకటే అయిన కార్ల వైపు మళ్ళుతున్నారు, కానీ అలాంటి ఒంటిని వీళ్ళకు చేసిపెట్టేవాళ్ళు దొరకలేదు. దానితో పాత పద్ధతిలో విడిగా ఒక ఛాసిస్ తయారుచేసి, ఒంటిని ముక్కలు ముక్కలుగా చేయించి దాని మీద బోల్టులతో బిగించే ఏర్పాటు చేసుకున్నారు. ఇటలీకి చెందిన మిచెలోట్టి గీసిన రూపంతో 1959లో అది బయటికి వచ్చింది. ముందు భాగం అలా మొత్తంగా లేవడం, ఏ ముక్క పాడైతే ఆ ముక్కను విప్పి మార్చుకోగలగడం, కొద్దిపాటి పనిముట్లతో మామూలు మెకానిక్కు దాన్ని బాగుచేయగలగడం, అన్నీ ఆ ఏర్పాటు వల్ల వచ్చినవే. కావలసిన దారి మూసుకుపోవడం వల్ల పుట్టిన కారు అది. నా ముందు మూడు తలుపులు మూసిన అమ్మాయికి ఈ సంగతి చెబితే చాలా శ్రద్ధగా విన్నది.

మద్రాసులో హెరాల్డ్ తయారీ 1961లో మొదలైంది, ఇంజను 948 సీసీ. అన్నిటికన్నా నాకు ముఖ్యమైన విషయం ఏమిటంటే, 1968లో ఇక్కడి వాళ్ళు దానికి నాలుగు తలుపులు పెట్టారు. బ్రిటన్‌లో హెరాల్డ్‌కు ఏనాడూ రెండు తలుపులకు మించి లేవు. మన ఇళ్ళలో కారు వెనక సీటు పెద్దవాళ్ళదని తెలిసిన ఇంజనీర్లు, ఇప్పుడు మా బండి ఆగి ఉన్న ఈ చుట్టుపక్కలే ఎక్కడో బల్ల ముందు కూర్చొని ఆ రెండు తలుపులూ గీసి ఉంటారని అనుకుంటే, ఎదుట ఎర్రదీపాలు ఇంకా వెలుగుతూనే ఉన్నా నాకు విసుగు పుట్టలేదు.

లోపాలు తెలియక కోరుకోవడం లేదు. వెనక చక్రాలను మోసే, అడ్డంగా బిగించిన కమాన్ కట్ట (పట్టీల స్ప్రింగు), చక్రంతో పాటు ఊగే ఇరుసు మన రోడ్ల మీద బాగా ఇబ్బంది పెట్టేవి. అందుకే 1972లో హెరాల్డ్ తరువాత వచ్చిన గెజెల్‌లో ఆ ఏర్పాటు తీసేసి మామూలు ఇరుసు వేశారు. ఏసీ లేదు. మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు ఈ ఊళ్ళో దాన్ని బయటికి తీయలేము. సీటు ఎత్తు కూడా తక్కువే. అమ్మకు అదొక్కటే కష్టమవుతుందేమోనని పైకే అన్నాను. "దిగేటప్పుడు నువ్వు చెయ్యి ఇస్తావుగా" అన్నది అమ్మ. కావలసిన విడిభాగాల కోసం పుదుపేట వీధుల్లో ఆదివారాలు తిరగవలసి వచ్చినా అది నాకు ఇష్టమైన తిరుగుడే. అద్దాలను పట్టి ఉంచే సన్నని స్తంభాలు, చుట్టూ విశాలమైన అద్దాలు, కూర్చున్న చోటి నుంచే బానెట్టు అంచులు రెండూ కనబడడం ఇవాళ్టి కార్లలో ఎక్కడున్నాయి? ఇప్పుడు నేను నడిపే కారులో కుడివైపు మలుపు తిరిగేటప్పుడు ఆ లావుపాటి స్తంభం వెనక మనిషి ఉన్నా కనబడదు. ప్రతిసారీ తల ముందుకు వంచి చూసుకోవలసిందే.

అన్నిటికీ మించి దాని మలుపు. హెరాల్డ్ ముందు చక్రాలు ఎంత లోతుగా తిరుగుతాయంటే, 25 అడుగుల చుట్టులో కారు పూర్తిగా వెనక్కి తిరుగుతుంది. మాది చివర మూసుకుపోయిన వీధి కావడం వల్ల రోజూ పొద్దున నేను మూడుసార్లు ముందుకూ వెనక్కూ జరిపితే గాని బయటపడలేను. కలల కారు గురించి ఇంతకాలం నేను వేగాన్నే తలచుకున్నాను గాని, మా వీధిలో ఒకే తిప్పులో తిరిగే కారు కావాలని ఎన్నడూ తలచుకోలేదు.

తాంబరం దాటేసరికి చీకటి పడింది. ఇల్లు చేరి, అమ్మను లోపల కూర్చోబెట్టిన తరువాత, అమ్మాయి కుట్టుపని డబ్బాలోంచి టేపు తీసుకొని వచ్చి, "కొలుద్దాం రా నాన్నా" అన్నది. అది చాలక ఇంట్లో ఉన్న వడ్రంగి టేపును వెదికి తెచ్చాను. మా ప్రహరీ నుంచి ఎదురింటి కాలువ అంచు వరకు 27 అడుగులు వచ్చింది. 25 అడుగులన్నది చక్రాల లెక్క, ముందుకు పొడుచుకువచ్చే బంపరుకు ఇంకొంత చోటు కావాలి కనుక చాలీచాలనట్టుగా ఉంటుందని చెప్పాను. పైగా ఎదురింటాయన స్కూటరు కాలువ పక్కనే ఉంటుంది. దాన్ని లెక్కలోకి తీసుకుంటే మిగిలేది 24 అడుగులే. మేమిద్దరం వీధి దీపం కింద వంగి కొలుస్తుంటే ఆయన బయటికి వచ్చి, ఏం కొలుస్తున్నారని తమిళంలో అడిగారు. అమ్మాయి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన ఇంకేమీ అడగకుండా స్కూటరు స్టాండు తీసి, దాన్ని తమ గేటు లోపలికి నెట్టుకువెళ్ళారు. మేము మళ్ళీ మొదటి నుంచి కొలిచాము.