ఫిల్టర్‌లో మెరిసిన చుక్క

మొన్న ఆదివారం పొద్దున్నే నా డీజిల్ బండి బానెట్ ఎత్తి, ఇంజిన్‌లోకి పోయే గాలిని వడకట్టే మడతల కాగితం, అదే ఎయిర్ ఫిల్టర్, బయటికి తీసి, దాని శుభ్రమైన వైపు టార్చి ఆనించి అవతలి నుంచి చూస్తే మడతల మధ్య ఒక చుక్క మెరిసింది. ఆవగింజంత కూడా లేదు. ఇసుక రేణువేమో అనుకుని వేలితో తుడిచాను, పోలేదు. టార్చి పక్కకు జరిపితే ఆరిపోయింది, వెనక్కి తెస్తే మళ్లీ వెలిగింది. చిల్లు!

అది మా తమ్ముడి చలవ. నెల కిందట ఇంటికొచ్చినప్పుడు, "కొత్తది ఎందుకక్కా, గాలి కొట్టి తెస్తా, నిగనిగలాడుతుంది" అని పట్టుకెళ్లాడు. టైర్లకు గాలి పట్టే కంప్రెసర్ గొట్టాన్ని మడతలకు అంగుళం దూరంలో పెట్టి వాయించాడట. తెచ్చి ఇచ్చినప్పుడు నిజంగానే కొత్తదానిలా ఉంది. నేనూ మురిసిపోయి పెట్టేసుకున్నాను. ఆ చిల్లుతోనే 3 వేల కిలోమీటర్లు తిరిగాను.

చిన్న చిల్లే కదా అనిపిస్తుంది, ఇంజిన్ ఎంత గాలి పీలుస్తుందో లెక్కేసుకునే దాకా. 1500 సీసీ ఇంజిన్ 2000 ఆర్‌పీఎం మీద తిరుగుతుంటే నిమిషానికి దాదాపు 1500 లీటర్ల గాలి లోపలికి పోతుంది. గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే టర్బో ఉంటే ఇంకా ఎక్కువ. పైగా డీజిల్ ఇంజిన్ తీరే వేరు. పెట్రోల్ బండిలో మనం యాక్సిలరేటర్ తొక్కితే గాలి తలుపు తెరుచుకుంటుంది, డీజిల్ బండిలో మనం పెంచేది డీజిల్ మోతాదు. గాలిని మాత్రం అది ఎప్పుడూ కడుపు నిండా పీలుస్తూనే ఉంటుంది. లీటరు డీజిల్ సరిగ్గా మండాలంటే తక్కువలో తక్కువ 12 కిలోల గాలి కావాలి, అంటే సుమారు 10 వేల లీటర్లు. అంత గాలితో వచ్చే దుమ్మంతా ఈ కాగితం మీదే ఆగాలి. ఆ దుమ్ములో ఉండే సన్నటి ఇసుక ఇనుముకంటే గట్టిది. పిస్టన్ రింగుల దగ్గరికి చేరి ఆయిల్‌లో కలిసిందంటే సిలిండర్ గోడల్ని ఉప్పుకాగితంలా గీకుతుంది. "ఇంజిన్ బోరుకొచ్చింది" అని, అంటే సిలిండర్ అరిగిపోయిందని, మెకానిక్ చెప్పినప్పుడు మనకు ఆ రోజే ఏదో జరిగినట్టు ఉంటుంది కానీ, అది ఎప్పుడో మొదలై ఉంటుంది.

ఫిల్టర్ మూసుకుపోతే మాత్రం బండి తానే చెబుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ ఉండదు, మైలేజీ తగ్గుతుంది, వెనక నల్లపొగ. డీజిల్ ఉంది, మండడానికి గాలి చాలడం లేదు, అంతే. పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ (డీపీఎఫ్) ఉన్న కొత్త బండ్లలో ఆ పొగ బయటికి కూడా రాదు, మసి అక్కడే పేరుకుంటుంది. చిల్లు పడ్డ ఫిల్టర్ అలా కాదు. బండి ఇంకాస్త హాయిగా ఊపిరి తీసుకుంటుంది. నేనూ ఆ 3 వేల కిలోమీటర్లూ "గాలి కొట్టించాక బండి భలే పోతోంది" అనుకుంటూనే నడిపాను.

ఇంకో సంగతి చాలామంది నమ్మరు. కొంచెం దుమ్ము పట్టిన కాగితం ఫిల్టర్, సరికొత్త ఫిల్టర్‌కంటే బాగా వడకడుతుంది. మొదట ఆగిన దుమ్మే మరో జల్లెడలా పనిచేస్తుంది. నెలనెలా తీసి దులిపేవాళ్లు ఆ జల్లెడను పారబోసుకుంటున్నారన్నమాట. తీసిన ప్రతిసారీ అంచు రబ్బరు కాస్త నలుగుతుంది కూడా. నేను ఇప్పుడు సర్వీసుల మధ్య ఒక్కసారే తీసి చూస్తాను, అదీ మట్టిరోడ్ల మీద ఎక్కువ తిరిగితేనే. మట్టి వైపు కిందికి పట్టుకుని అరచేతికి మెల్లగా నాలుగుసార్లు తట్టడం, ఆకులూ పురుగులూ రాల్చడం, అంతవరకే. నేలకేసి కొడితే అంచు వంకరపోతుంది. గాలి కొట్టక తప్పదంటే శుభ్రమైన వైపు నుంచి మట్టి వైపుకు కొట్టాలి, 30 పీఎస్ఐ దాటకుండా, జానెడు దూరం నుంచి. టైర్ల కంప్రెసర్ ట్యాంకులో సాధారణంగా 100 పైనే ఉంటుంది. మా వాడు కొట్టింది మట్టి వైపు నుంచి, దుమ్మును కాగితంలోకే దిగ్గొడుతూ.

కడగడం మాట ఎత్తొద్దు. కాగితం నీళ్లకు ఉబ్బి జిగురు వదిలేస్తుంది. డీజిల్‌తోనో పెట్రోల్‌తోనో కడిగి ఆరకముందే బిగించేవాళ్లను చూస్తే నాకు మా నాన్న పాత ట్రాక్టర్ గుర్తొస్తుంది. దానికి కాగితం ఫిల్టరే లేదు. కింద గిన్నెలో ఇంజిన్ ఆయిల్, పైన జాలీ. గాలి గిన్నెలోకి దిగి చటుక్కున పైకి మళ్లేసరికి బరువైన దుమ్ము ఆయిల్‌లో పడిపోయేది. ఆయిల్ పోసేటప్పుడు నాన్న ఊపిరి బిగబట్టేవాడు. గీత దాటితే మళ్లీ వంచి పారబోసేవాడు. ఎందుకంటే ఎక్కువైన ఆయిల్‌ను ఇంజిన్ పీల్చేస్తే, డీజిల్ ఇంజిన్‌కు అదీ డీజిలే. దానంతట అది రేజ్ అవుతూ పోతుంది, తాళం తిప్పినా ఆగదు. అందుకే గాలి దారిలో తడిగా ఏదైనా పెట్టడమంటే నాకు ఈనాటికీ భయం.

సరే, ఆదివారం పనికి వద్దాం. ఇంజిన్ చల్లగా ఉంది. నా బండిలో ఫిల్టర్ బాక్స్ మూతకు నాలుగు క్లిప్పులు, వెనకవైపు రెండు కొక్కేలు. మూత ఎత్తేటప్పుడు దాని పక్క గొట్టంలో ఉన్న, లోపలికి పోయే గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సార్ వైరు లాగకుండా చూసుకోవాలి. ఆ సెన్సార్ లోపలి సన్నటి తీగను వేలితో గానీ గుడ్డతో గానీ తాకకూడదు. ఫిల్టర్ తీశాక బాక్స్ అడుగున చూస్తే గుప్పెడు మట్టి, ఎండు ఈకలు, రెక్కలూడిన తూనీగ ఒకటి. అసలు శుభ్రం చేయాల్సింది ఈ బాక్స్‌ను. ముందు ఇంజిన్‌లోకి వెళ్లే గొట్టం మూతికి పొడవాటి గుడ్డ కుక్కి, దాని కొస బయటికి వేలాడేలా వదిలాను. పని అయ్యాక ఆ కొస కంట పడకపోతే మర్చిపోయే మనిషిని. ఊదితే మట్టి లేచి గొట్టంలోకే పోతుంది కాబట్టి వాక్యూమ్‌తో లాగి, మూలల్ని తడిపి పిండిన గుడ్డతో తుడిచాను.

తర్వాత కొత్త తెల్లగుడ్డ తీసుకుని మూత లోపలి వైపు, అంటే వడకట్టిన గాలి ఉండాల్సిన చోట, ఒక్క గీత గీశాను. గుడ్డకు గోధుమరంగు చార అంటుకుంది. అది చూసి అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను.

కొత్త ఫిల్టర్ పెట్టడం రెండు నిమిషాల పని, కానీ అంచు దగ్గర నిదానం కావాలి. రబ్బరు అంచు గాడిలో చుట్టూ కూర్చుందో లేదో వేలితో తడిమి చూశాను. గ్రీజు, ఆయిల్ ఏమీ రాయలేదు. వెనక కొక్కేలు ముందు దూర్చి, ఆ తర్వాతే మూత దించి క్లిప్పులు వేయాలి. వేశాననే అనుకున్నాను. గుడ్డ లాగేసి స్టార్ట్ చేస్తే ఎక్కడో సన్నగా ఈలపాట. ఆపి చూస్తే ఎడమ కొక్కెం గాడి బయటే ఉంది. క్లిప్పులు మాత్రం నాలుగూ బుద్ధిగా పడ్డాయి! మళ్లీ తీసి, మళ్లీ దూర్చి, మళ్లీ స్టార్ట్ చేశాను. ఈల లేదు. తేదీ, కిలోమీటర్లు మూత మీద మార్కర్‌తో రాసుకున్నాను.

సాయంత్రం తమ్ముడు వచ్చాడు. తిట్టలేదు. పాత ఫిల్టర్, టార్చి చేతికిచ్చి చూడమన్నాను. అటూ ఇటూ తిప్పాడు. చుక్క దొరికాక కాసేపు మాట్లాడలేదు.

"నా బండికి కూడా అలాగే కొట్టానక్కా."

"ఎన్నిసార్లు?"

"లెక్కపెట్టలేదు" అంటూ టార్చి ఆర్పకుండానే వాడి బండి దగ్గరికి నడిచాడు.